లోపలున్నది ఎవరు

ముందుగా నా రాతకు క్షమాపణ. మనవరాలితో పాటు పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ ఒక్కోసారి పక్క అక్షరం కిందికి జారిపోతుంటాయి. పత్రికవాళ్లు ఓపిగ్గా సరిచేస్తున్నారు, దేవుడు వాళ్లను చల్లగా చూడాలి. చెయ్యి కూడా నిదానం. పోయిన వారం భాగం రాక ఎవరైనా తిట్టుకుని ఉంటే ఆ తిట్లు నావే, వాళ్లవి కావు.

ఎక్కడ ఆపాం? ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో, మడతల గది గుమ్మం ముందు కోడలు నిలబడి ఉంది. లోపల ఆమె అత్త ఉంది. ఏడాదిగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాటను ఈ రోజు కక్కేయాలని కోడలు వచ్చింది.

ఆ మాట ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ లాండ్రీలో కోడలిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. సాక్ష్యం అంటారు. "సాక్ష్యం వచ్చిందా", "సాక్ష్యాన్ని టీ తాగి రమ్మను" అంటుంటారు. ఏడాది కిందట మొగుడి తాగుడు మానాలని అత్త ఆమె చేత ఉపవాస ప్రార్థన చేయించింది. ఖాళీ కడుపుతో, ఆవిరికి ఉడికిపోతున్న గదిలో, మోకాళ్ల మీద ఉన్నది ఉన్నట్టే కళ్లు తిరిగి పడింది. తెలివి వచ్చేసరికి చుట్టూ ఆడవాళ్లు, గుండెల మీద చేతులు, దయ్యం పట్టిందంటూ చెవుల్లో గద్దింపులు. ఊపిరాడలేదు. వాళ్లకు ఏం కావాలో ఆమెకు తెలుసు. అంతకుముందు వేరేవాళ్లకు జరగడం కళ్లారా చూసింది. గొంతు మార్చి కేక పెట్టింది. పోతున్నాను, వదలమంది. చేతులు లేచాయి. గాలి ఆడింది. జరిగింది అంతే.

కానీ ఆ కేక పెట్టిన క్షణంలోనే ఆమె మొగుడు, లాండ్రీ వ్యాను నడిపే మనిషి, తూలుతూ గుమ్మంలోకి వచ్చాడు. పెళ్లాం నోట్లోంచి వచ్చిన ఆ గొంతు విని అక్కడికక్కడే కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఆ రోజునుంచి చుక్క ముట్టలేదు. ఆ రోజునుంచి ప్రతి ఆదివారం మందిరంలో కోడలు మైకు పట్టుకుని దయ్యం నుంచి తన విడుదల కథ, అదే సాక్ష్యం, చెబుతోంది.

ఇప్పుడు ఆ కథ విని టైలరమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆవిడ లాండ్రీలో చిరిగిన దుప్పట్లు కుడుతుంది. ఆవిడ కూతురికి చిన్నప్పటినుంచి మూర్ఛ. రోజూ మాత్రలు మింగితేనే నిలబడే పిల్ల. రేపటి ఆదివారం సాక్ష్యం విన్నాక మాత్రలు ఆపేసి పిల్లను విడుదల ప్రార్థనకు నిలబెడతానని టైలరమ్మ పాస్టరు గారికి మాట ఇచ్చింది. అందుకే కోడలికి నిద్ర లేదు. అందుకే ఈ రోజు గుమ్మం దాటింది.

మడతల గదికి ఒకటే కిటికీ. దానికీ దుమ్ము రాకుండా మందపాటి ప్లాస్టిక్ కొట్టేశారు. తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి. ఎదుటి గోడలో నడుమెత్తున అడ్డంగా ఒక పొడవాటి సందు ఉంటుంది. గోడకు అవతల ఇస్త్రీ రోలరు తిరుగుతుంది. అటువైపు ఒకరు నిలబడి తడి దుప్పటిని రెండు చేతులా చాచి రోలరుకు అందిస్తారు. ఇటువైపు సందులోంచి అది ఆరి, వేడిగా కాలుతూ, వెడల్పాటి నాలుకలా బయటికి వస్తుంది. అందించేవాళ్ల చెయ్యి కుదురుగా ఉంటే దుప్పటి తిన్నగా వస్తుంది. చెయ్యి తడబడితే వంకర పోతుంది. ఈ మధ్య అటువైపు అందిస్తున్నది టైలరమ్మ కూతురే.

రోలరు మోత మామూలుది కాదు. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. లాండ్రీవాళ్లు ఇళ్లకు వెళ్లినా అరిచినట్టే మాట్లాడతారు, చుట్టుపక్కలవాళ్లు కొట్లాట అనుకుంటారు. ఒక సుఖం మాత్రం ఉంది. ఆ గదిలో ఎంత గుట్టయినా గొంతెత్తి చెప్పుకోవచ్చు, మూడో చెవిన పడదు. మోత ఉన్నంతసేపు.

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలు పట్టుకుని దూరం జరిగి లాగాలి, దగ్గరికొచ్చి మూలలు కలపాలి, మళ్లీ జరగాలి. రోజంతా ఎవరితో మడుస్తావో వాళ్ల ముఖం దగ్గరికి వెళుతూ వస్తూ ఉండాలి. తప్పించుకోవడానికి లేదు.

"ఏమే, ముఖం అలా వేలాడేశావు? దుప్పటిని నువ్వు మడుస్తున్నావా, దుప్పటి నిన్ను మడుస్తోందా?" అంది అత్త.

అత్తను అందరూ ప్రార్థనమ్మ అంటారు. భారీ మనిషి. నవ్వితే బుగ్గలు రెండూ కదులుతాయి, ప్రార్థిస్తే గోడలు కదులుతాయని లాండ్రీలో వేళాకోళం. మొగుడు తాగి తాగి ఆసుపత్రి మంచం మీద పోయాడు. ఆయన కింద పరిచిన దుప్పటి మర్నాడు మామూలుగా ఇక్కడికే ఉతుక్కి వచ్చింది. మూలన ఉన్న మరకను గుర్తుపట్టి, ఎవరికీ చెప్పకుండా, ఆవిడే ఉతికించి ఆవిడే మడిచింది. సాతానుతో తనకు వైరం ఆ రోజే మొదలైందని చెబుతుంది. అది మాటవరసకు చెప్పే వైరం కాదు. పొద్దున లేస్తే కొంగు బిగించి వాడి మీదికి వెళుతుంది.

"రేపు కాస్త గట్టిగా చెప్పు," అంది దుప్పటి లాగుతూ. "పోయిన వారం వెనక వరసలకి వినపడలేదట. కేక దగ్గరికొచ్చేసరికి మరీ నీరుకారిపోతున్నావు."

"ఆ కేక గురించే మాట్లాడాలి అత్తయ్యా."

"మాట్లాడు. నోటికి మడత పెట్టమన్నానా."

ఇద్దరూ దగ్గరికొచ్చారు. మూలలు కలిశాయి. అత్త వేళ్లు కోడలి వేళ్లకు తగిలాయి.

"ఆ రోజు నాలో ఏమీ లేదు."

అత్త వెనక్కి జరిగింది. దుప్పటి బిగిసింది. "ఏమీ లేదంటే?"

"దయ్యం లేదు. ఆకలి ఉంది. కళ్లు తిరిగాయి. మీరంతా గుండెల మీద చేతులేసి నొక్కారు. ఊపిరాడలేదు. అలా అరిస్తే వదులుతారని తెలుసు, అందుకని అరిచాను. గొంతు నాదే. మాటలు నావే."

అత్త నవ్వింది. బుగ్గలు కదిలాయి. "ఇంకా నయం. ఆ రోజు దయ్యం మీరే అత్తయ్యా అనలేదు."

"నిజం చెప్తున్నా అత్తయ్యా. ఏడాదిగా చెప్పేది అబద్ధం. ఇది నిజం."

ఈసారి బుగ్గలు కదల్లేదు. అత్త చేతుల్లో దుప్పటి అలాగే నిలిచిపోయింది. రోలరు మాత్రం ఆగకుండా ఇంకో దుప్పటిని బల్ల మీదికి దించింది.

"ఎవరు మాట్లాడుతున్నారు?" అంది అత్త.

"నేనే అత్తయ్యా."

"నిన్ను కాదు అడిగింది."

ఆవిడ కోడలి కళ్లలోకి చూడడం లేదు. కాస్త కిందికి, గొంతు గుంట దగ్గరికి చూస్తోంది, అక్కడ ఇంకెవరో తల పైకెత్తి జవాబు చెబుతారన్నట్టు. ఆ చూపు కోడలికి తెలుసు. ఆ రోజు కింద పడి ఉన్నప్పుడు అన్ని ముఖాల్లోనూ అదే చూపు. మనిషిని దాటి వెనకాల ఉన్న మనిషిని వెతికే చూపు.

"పాస్టరు గారు చెప్పలేదూ," అంది అత్త ఆ గొంతు గుంటతోనే. "వెళ్లగొట్టిన ఇంటికి వాడు మళ్లీ వచ్చి చూస్తాడు. ఊడ్చి సర్ది ఉంటే ఒంటరిగా దూరడు, తోడు తెచ్చుకుంటాడు. రేపు ఒక పిల్ల విడుదల కావాలి. ఈ రోజే వచ్చావా? అంత భయమా నీకు?"

"యేసు ప్రభువు," అంది కోడలు. "ఆ పేరు చెప్పాను, చూడండి. నా నోరేమైనా కాలిందా?"

"వాళ్లకీ తెలుసు ఆ పేరు. వణుకుతూ పలుకుతారు. నీ గొంతు వణికింది."

కోడలు నోరు మూసుకుంది.

"అదిగో. నోరు కట్టేశాడు."

కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడిపిస్తున్నావా పిల్లని?"

అప్పుడు కోడలికి ఎక్కడినుంచో నవ్వు వచ్చింది. ఏ కోశానా సంతోషం లేని నవ్వు. అది చూసి అత్త దుప్పటితో సహా ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకేం మిగిలింది? అవునంటే అప్పుడు దయ్యం ఉంది. కాదంటే ఇప్పుడు ఉంది. మాట్లాడితే వాడి మాట, ఊరుకుంటే వాడి మౌనం. ఏ తలుపు తోసినా మళ్లీ అదే గదిలోకి తెరుచుకునే ఇల్లు అది. ఆ ఇంటికి మొదటి ఇటుక పెట్టింది తనే. కేక పెట్టిన రోజున.

అత్త వెనక్కి జరగడంతో ఆవిడ చేతిలోని ఒక మూల జారి వేలాడింది.

"అత్తయ్యా, మీ మూల నేలకి తగులుతోంది," అంది కోడలు. "మళ్లీ ఉతకాలి."

ఆలోచించి చేసింది కాదు. నోటికి అలవాటైన మాట. అత్త చెయ్యి కూడా ఆలోచించలేదు. చటుక్కున వంగి మూల అందుకుంది. అందుకున్నాక ఆవిడే ఆ చేతిని వింతగా చూసుకుంది. దుప్పటి మధ్యలో ఆగిపోకూడదు. ఇద్దరూ లాగారు, దగ్గరికొచ్చారు, కలిపారు.

"చూడండి, నేనే," అంది కోడలు దగ్గరగా ఉన్నప్పుడు. "మూల కలిపేటప్పుడు బొటనవేలు లోపల పెట్టమని మీరే నేర్పారు. వచ్చిన కొత్తలో నేను దుప్పటిని మూటలా చుట్టి ఇస్తే, పిల్లికి స్నానం చేయించి తెచ్చావా అన్నారు. అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడిస్తే మీరే వచ్చి తలుపు కొట్టారు. ఇవన్నీ వాడికెలా తెలుస్తాయి?"

అత్త చూపు మెల్లగా గొంతు మీదినుంచి పైకి లేచి కళ్ల దగ్గర ఆగింది. ఏదో అంది. మోతలో వినపడలేదు. పెదాలను చూసి కోడలు అర్థం చేసుకుంది.

"మరి నేను పోరాడింది ఎవరితో?"

"నాతో అత్తయ్యా."

అత్త మడిచిన దుప్పటిని దొంతర మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ముసలితనం అప్పుడే వచ్చి మీద కూర్చున్నట్టుంది.

"వాడు మారాడు కదే. నా కొడుకు. అదీ అబద్ధమేనా?"

"అది నిజం. ఆయన్ని మార్చింది దేవుడే. కానీ దేవుడికి నా అబద్ధంతో పనేముంది? దానితో పని రెండోవాడికి, ఆ సాతానుకి. వాడి దుకాణంలో ఉన్న సరుకు అదొక్కటే. ఏడాదిగా ప్రతి ఆదివారం నా నోటితో అమ్మిస్తున్నాడు. మీరు వాణ్ణి నా గుండెల్లో వెతికారు. వాడు అక్కడ లేడు అత్తయ్యా. మైకు దగ్గర నుంచున్నాడు."

సందులోంచి వచ్చిన దుప్పట్లు బల్ల మీద పేరుకుంటున్నాయి. చివరికి అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, మోతకు సరిపోయేంత గొంతుతోనే అయినా, ఎంతో మెత్తగా మాట్లాడింది.

"సరే. రేపు నీకు గొంతు బాగోలేదని పాస్టరు గారికి నేను చెప్తా. మైకు పట్టుకోవద్దు. ఇంకెప్పుడూ పట్టుకోవద్దు. కానీ ఈ మాట ఈ గది దాటకూడదు. నా కొడుకు నిలబడ్డది ఆ కేక మీద. కిందినుంచి దాన్ని లాగేస్తే వాడు ఎక్కడ పడతాడో నాకు తెలుసు. వాళ్ల నాన్న పడ్డ చోటే పడతాడు."

"మరి టైలరమ్మ కూతురు?"

"నువ్వు సాక్ష్యం చెప్పకపోతే ఆవిడే ఆగుతుంది. ఆగకపోతే నేను చూసుకుంటా. నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు."

ఆ మాట ఎంత చల్లగా తగిలిందో చెప్పలేను. మైకు వద్దు. కేక వద్దు. పిల్ల మాత్రలు పిల్ల మింగుతుంది, మొగుడు మొగుడిలా ఉంటాడు. ఎవరికీ ఏమీ కాదు. కోడలు తల ఊపబోయింది. నిజంగా ఊపేదే.

తలుపు తోసుకుని టైలరమ్మ వచ్చింది, కుట్టిన దిండు గలీబులు చంకలో పెట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ.

"వందనాలు వదినా. సాక్ష్యం, నీ నోట్లో పంచదార పొయ్య. నీకు చెప్పకుండా ఉండలేక వచ్చా."

"ఏంటక్కా?"

"వచ్చే ఆదివారందాకా ఎందుకు ఆగడం, విశ్వాసం ఉన్నదానివైతే ఇప్పుడే చెయ్యి అని మనసులో ఒకటే గోల. పోయిన ఆదివారం నీ సాక్ష్యం విని ఇంటికెళ్లానా, మాత్రలు ఆపేశా. వారం కావస్తోంది, పిల్ల ఒక్కటీ మింగలేదు. ఎలా ఉందో చూడు. రోలరు దగ్గర పాటలు పాడుకుంటోంది."

కోడలు బల్ల అంచు పట్టుకుంది. "అక్కా, ఇప్పుడే వెళ్లి మాత్ర వెయ్యి. ముందు దాన్ని రోలరు దగ్గరినుంచి తప్పించు. ఆ రోజు నాకు..."

అత్త ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమే ఉంది. కోడలు ఆగకుండా నోరు తెరవబోతుంటే, ఆవిడ టైలరమ్మ వైపు తిరిగింది.

"పట్టుకో. దీనికి మళ్లీ దయ్యం పట్టింది."

ఆ మాట అన్నప్పుడు అత్త దాన్ని నమ్మిందా, నమ్మాలనుకుందా, ఆవిడకే తెలియదు. కొడుకు కాళ్ల కింది నేలను రెండు చేతులా పట్టుకుంది, అంతే. ఇనప గడియ లాగింది. గడియ పడ్డ చప్పుడు రోలరు మోతలో కూడా వినపడింది.

దుప్పట్ల కుప్ప మీద కోడలిని కూలేశారు. టైలరమ్మ చేతులకు మిషను నూనె వాసన. ఆ చేతులు భయంతో ఆమె భుజాలను అదిమి పట్టాయి. అత్త అరచెయ్యి గుండె మీద పడింది. అదే బరువు, అదే చోటు. "యేసు నామంలో గద్దిస్తున్నాను. బయటికి రా," అని అత్త మొదలుపెట్టింది. టైలరమ్మ వెనకాల అందుకుంది. ఆవిడ ఏడుస్తూ ప్రార్థిస్తోంది. పాపం, సాక్ష్యాన్ని కాపాడుతున్నాననే అనుకుంటోంది.

పడి ఉన్నచోటినుంచి కోడలికి గోడ సందు కనపడుతోంది. ఒక దుప్పటి వచ్చింది, తిన్నగానే. తర్వాతది కాస్త వంకరగా వచ్చింది. ఆ తర్వాతది ఒక మూల లోపలికి మడతపడి, నలిగి వచ్చింది. ఇంకొకటి సగం వచ్చి ఏటవాలుగా వేలాడింది. దాని వెనక ఏమీ రాలేదు. రోలరు ఖాళీగా తిరుగుతోంది.

గొంతు కింద ఆ పాత కేక లేచి కూర్చుంది. ఒక్కసారి పెడితే చాలు. పోతున్నాను, వదలండి, అంటే చాలు. ఈ చేతులు లేస్తాయి, గడియ తీస్తారు, పరిగెత్తొచ్చు. మంచి పనికే కదా. పిల్ల కోసమే కదా. లోపల ఎవరో ఎంతో బుద్ధిగా, దయగా ఆ మాట చెబుతున్నారు. ఆ దయ గల గొంతును కోడలు ఇప్పుడు గుర్తుపట్టింది. ఆ రోజు కూడా ఇంతే దయగా చెప్పింది. ఆ రోజు తెరిచిన తలుపే ఈ రోజు ఈ గదిలోకి తెచ్చింది.

*ప్రభువా, నా గొంతు నాకివ్వు,* అనుకుంది. అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు.

ఊపిరి ఉన్నంత బలంతో, తన గొంతుతో, మోత మీదికి అరిచింది. "అక్కా, సందు వైపు చూడు. దుప్పటి రావట్లేదు. ఆ రోజు నాలో ఏ దయ్యమూ లేదు. మీరు వదలాలని దయ్యంలా అరిచాను. అంతా అబద్ధం..."

ఆ మాట మధ్యలో రోలరు ఆగిపోయింది.

ఆఖరి మాట నిశ్శబ్దంలోకి పడింది. గదంతా, గోడ సందంతా, అవతలి గదంతా వినపడేలా పడింది. ఆ తర్వాత ఆవిరి గొట్టం చివర నీటిబొట్టు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

రోలరు దానంతట అది ఆగదు. ఆపే మీట అవతలి వైపే ఉంది. ఎవరో ఆపారు.

ముందు అత్త చెయ్యి లేచింది. సందులో ఏటవాలుగా వేలాడుతున్న దుప్పటిని చూసింది, కోడలిని చూసింది. తలుపు దగ్గరికి వెళ్లి గడియ లాగింది. బిగుసుకుని రాలేదు. అరచేత్తో కొట్టింది. ఇంకోసారి కొట్టింది. వచ్చింది.

అవతలి గదిలో తడి నేల మీద పిల్ల పక్కకు తిరిగి పడి ఉంది. పళ్లు బిగిసి, ఒళ్లు ఇంకా చిన్నగా అదురుతోంది. చొక్కా చేతి అంచు కాలి గోధుమరంగు తిరిగింది. చెయ్యి మాత్రం దక్కింది. పక్కన మోకాళ్ల మీద డ్రైవరు ఉన్నాడు, కోడలి మొగుడు. మూటలు ఎక్కించుకోవడానికి వచ్చి, పిల్ల రోలరు మీదికి ఒరుగుతుంటే చూసి, లాగేసి మీట కొట్టాడు. తన చొక్కా విప్పి పిల్ల తల కింద పెట్టాడు. తలెత్తలేదు.

టైలరమ్మ కూతురి పక్కన కూలబడింది. "నావల్లే. నా విశ్వాసం చాలలేదు," అంటూ నెత్తి కొట్టుకుంది. "మాత్రలు ఆపేశా గానీ పారెయ్యలేదు. మిషను సొరుగులో దారపు ఉండల కింద దాచా. పారేద్దామని ఎన్నిసార్లు తీసినా చెయ్యి రాలేదు. ఆ అనుమానమే నా తల్లిని పడేసింది."

"చెయ్యి రాలేదా?" అంది కోడలు.

"రాలేదు."

"ఆ చెయ్యి పట్టుకుని ఆపింది ఎవరనుకున్నావక్కా? పోయి తీసుకురా."

టైలరమ్మ ఏడుపు మధ్యలో ఆపి ఆమె ముఖంలోకి చూసింది. వెనకాల ఎవరినీ వెతకలేదు, ఆమెనే చూసింది. లేచి పరిగెత్తింది.

కోడలు పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్లు బిగుసుకుని ఆమె వేళ్లను పట్టుకున్నాయి. "వ్యాను తియ్యి," అంది మొగుడితో. "ఆసుపత్రికి తీసుకెళ్దాం. మూర్ఛ మళ్లీ రావచ్చు."

అతను కదల్లేదు. తడి నేలనే చూస్తున్నాడు.

"ఆ రోజు కేక నీదేనా?" అన్నాడు.

"నాదే."

"ఆ గొంతు?"

"అదీ నాదే."

"లోపల ఎవరూ లేరు."

"నేనే ఉన్నాను."

అతను తల ఊపాడు, లెక్క అర్థమైనవాడిలా. జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి, చప్పుడు కాకుండా, ఆమెకూ తనకూ మధ్య నేల మీద పెట్టాడు. లేచాడు. చొక్కా లేకుండానే, తడి కాళ్లతోనే, సరుకు ఎక్కించే తలుపులోంచి ఎండలోకి నడిచాడు.

"ఒరేయ్, ఆగరా," అంది అత్త. "నాన్నా, ఆగు."

వెనక్కి చూడలేదు. కోడలు లేవబోయింది. పిల్ల వేళ్లు వదల్లేదు. విదిలించుకోవచ్చు. విదిలించుకోలేకపోయింది.

ఆ వీధి చివర అడ్డరోడ్డు. ఎడమకు తిరిగితే రెండు కొట్ల అవతల అతను ఏడాదిగా తొక్కని గుమ్మం, బయట ఇంకా అవే బల్లలు, అవే సీసాలు. కుడికి తిరిగితే మందిరం. శనివారం సాయంత్రం పాస్టరు గారు అక్కడ ఒంటరిగా కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు. అత్త ఆయాసపడుతూ గేటు దాకా వెళ్లి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

తిరిగి వచ్చింది.

"ఎటు తిరిగాడు అత్తయ్యా?"

అత్త వంగి, తడి నేల మీద ఉన్న తాళంచెవిని తీసింది. కొంగుతో తుడిచింది. కోడలి ఖాళీ చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నువ్వు చెప్పు," అంది. సూటిగా కళ్లలోకే చూస్తూ అంది. "ఇప్పుడేం చెయ్యాలో నువ్వే చెప్పవే."

కోడలు ఆ ముఖంలో కొడుకు ఎటు తిరిగాడో వెతుకుతూ ఉండగానే, రెండో చేతిలో పిల్ల వేళ్లు మళ్లీ కొయ్యబారి అదరడం మొదలుపెట్టాయి.

— మడతల పెద్దమ్మ
వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురి ఇంట్లో, మేడమెట్ల కింది గదిలో.